తాళం వేసిన కారవాన్

అల్ ఖోబర్,
18-8-2006, శుక్రవారం.

గౌరవనీయులైన ప్రసాద్ బావ గారికి,

రాయచోటి ఖాదర్ నమస్కారాలతో రాస్తున్న ఉత్తరం. ఇక్కడ క్షేమం, అక్కడ మీరూ పిల్లలూ క్షేమమని తలుస్తాను అంటూ మొదలుపెట్టడం మర్యాద. కానీ ఆ మర్యాద కోసం మిమ్మల్ని ఇంకో నాలుగు పంక్తులు ఆత్రపెట్టడం నాకిష్టం లేదు. జయమ్మ ప్రాణంతో ఉంది. లేచి తిరుగుతోంది, అన్నం తింటోంది. కుడిచేతికి కట్టు ఉంది. ఇంతవరకు ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. మిగతాది మీరొక్కరే కూర్చుని చదువుకోండి.

మొన్న ఫోన్లో మీరు ఏడ్చారు, నేనూ ఏడ్చాను, కార్డులో ఉన్న నిమిషాలన్నీ ఆ ఏడుపుకే సరిపోయాయి. ఎవరో కువైట్ నుంచి ఫోన్ చేసి కారు ప్రమాదమన్నారట. ఇంకొకరు యజమాని కొట్టాడన్నారట. రెండూ నిజం కాదు. మా ఊరి లాల్ అహ్మద్ సెలవు మీద వస్తున్నాడు కాబట్టి అతని చేతికే ఈ కవరు ఇస్తున్నాను. ఇది పోస్టులో వేసే ఉత్తరం కాదని చదివాక మీకే తెలుస్తుంది.

నేను ఈ ఇంట్లో నాలుగేళ్ళుగా డ్రైవర్ని. మీ జయమ్మ ఇంటిపనికి వచ్చి ఏడాదిన్నర. మన సీమ మాట వినబడిందని మొదటిరోజే నన్ను అన్నా అంది. అందుకే మీరు నాకు బావ అయ్యారు. మా కఫీలును, అంటే యజమానిని, ఇంట్లో అందరం బాబా అంటాం, ఆయన భార్యను మేడం అంటాం. బాబా చెడ్డవాడు కాదు. జీతం ఆపడు, చెయ్యెత్తడు. ఆయనకున్న జబ్బల్లా తొందర. జూన్ నెలలో ఒక తెల్లదొర ఉద్యోగం ముగించుకుని వెళ్ళిపోతూ తన కారవాన్ అమ్మితే కొన్నాడు. కారవాన్ అంటే బండి వెనక తగిలించుకుని లాక్కుపోయే చక్రాల ఇల్లు. లోపల మంచాలు, పొయ్యి, ఏసీ, చివరికి దొడ్డి కూడా ఉంటుంది. మన దగ్గర ఇల్లు లేనివాళ్ళు ఊళ్ళు పట్టుకు తిరుగుతారు, ఇక్కడ ఇల్లున్నవాళ్ళు ఇంటినే వెంటబెట్టుకు తిరుగుతారు.

ఈ తిరుగుళ్ళకు ఒక కాలం ఉంది బావా. చలికాలంలో సౌదీ అంతా గుడారాలే. ఎండాకాలం మాత్రం అన్‌సీజన్, బుద్ధి ఉన్నవాడెవడూ ఇల్లు కదలడు. బాబాకు నవంబరు దాకా ఆగే ఓపిక ఏది? పిల్లలకు బడి సెలవులన్నాడు, జూలై ఆఖర్లో బయలుదేరదీశాడు. పోవడానికే రెండువేల కిలోమీటర్ల దాకా ఉంటుంది. రియాద్ దాటాక కారవాన్ టైరు పగిలింది. పెట్రోలు బంకులో దిలావర్ అనే పఠాన్ గాలి కొడుతూ, అరే భాయ్, ఈ నిప్పుల్లో ఇంటిని ఎక్కడికి ఈడ్చుకుపోతున్నావ్ అని నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వాల్సిన విషయం కాదని అప్పటికి తెలియదు.

తాయిఫ్, అబహా కొండల్లో చల్లగానే ఉంది. అక్కడే ఉండిపోయి ఉంటే ఈ ఉత్తరమే లేదు. మేడం తమ్ముడు జీజాన్ దగ్గర ఉద్యోగం చేస్తున్నాడు, సముద్రం చూసినట్టూ ఉంటుంది, తమ్ముణ్ణి చూసినట్టూ ఉంటుందని కొండ దింపారు. ఆ ఘాట్‌లో వెనకనుంచి కారవాన్ తోస్తుంటే బ్రేకుల వాసన ముక్కుకు కొట్టింది. వెనక సీటులో జయమ్మ పిల్లలిద్దరినీ ఒళ్ళోకి లాక్కుని, నిదానంగా పోనీన్నా, నిదానం అని ఒకటే జపం. కింద దిగేసరికి గాలి ఉడికించిన గుడ్డలా మొహానికి అంటుకుంది. సముద్రం ఒడ్డున హోటళ్ళన్నీ షట్టర్లు దించి ఉన్నాయి. మనిషి లేడు.

అక్కడ నిలపడానికి నీడ కోసం వెతికి వెతికి బాబా ఒక వాదీలోకి దింపించాడు. వాదీ అంటే మన వంకే. ఇసుక, మధ్యలో తుమ్మచెట్లు, ఒక్క చుక్క నీరు లేదు. ఎండిన ఏరును నమ్మకూడదని మనకు ఎవరూ నేర్పక్కర్లేదు కదా. ఎక్కడో కొండల్లో కురిస్తే ఇక్కడ మబ్బు లేకుండానే నీళ్ళొస్తాయి. ఆ మాట బాబాకు చెప్పాను. అక్కడ మేకలు మేపే ముసలాయన కూడా సాయంత్రాలు కొండమీద వాన పడుతోందని, వరద వస్తుందని చెప్పాడు. బాబా ఆకాశం చూపించి, ఎక్కడయ్యా మీ వాన అన్నాడు. రెండు రోజులే కదా అన్నాడు. ఇంకో మాట గట్టిగా అని ఉండాల్సింది నేను. ఉప్పు తింటున్నవాడి నోరు ఎంతవరకు లేస్తుందో మీకు తెలియనిది కాదు.

ఇక తాళం సంగతి. అంతకుముందు ఈ ఇంట్లో పనిచేసినామె ఒకసారి జెద్దా వెళ్ళినప్పుడు షరఫియా బజారులో తప్పించుకుని పారిపోయింది. అప్పటినుంచి మేడానికి తాళం పిచ్చి. కారవాన్ తలుపుకు కూడా బయట గొళ్ళెం కొట్టించి తాళం పెట్టించింది. దానికి ఆమె చెప్పే కారణం ఇంకొకటుంది. లోపల ఒంటరి ఆడమనిషి, బయట పరాయి మగవాడు, తలుపు తీసి ఉంటే ఈ దేశంలో దాన్ని ఖల్వా అంటారు. పట్టుబడితే ఇద్దరికీ జైలే. తాళం ఉంటే మీ ఇద్దరికీ మంచిది అనేది. వినడానికి న్యాయంగానే ఉంటుంది.

ఆగస్టు నాలుగు, శుక్రవారం. బాబా తానే జీఎంసీ బండి నడుపుకుంటూ పెళ్ళాంపిల్లల్ని తీసుకుని జుమ్మా నమాజుకు, అట్నుంచి బావమరిది ఇంట్లో భోజనానికి వెళ్ళాడు. జయమ్మకు ముందురోజు నుంచి జ్వరం. ఏసీలో పడుకోనీ అని కారవాన్‌లో ఉంచి తాళం వేశారు. నేను బయట జనరేటరు చూసుకుంటూ ఉండాలి.

రెండు దాటింది. చెట్టు కింద కూర్చుని కునుకు తీశాను. లేచేసరికి గాలి మారింది, తడిమట్టి వాసన వచ్చింది. పైనుంచి ఎండుకొమ్మలు, మేకపెంటికలు, నురుగు తోసుకుంటూ ఎర్రనీళ్ళు వచ్చేశాయి. ఒక్కసారిగా వచ్చాయి బావా. జనరేటరు ఆగిపోయింది. తాళంచెవి మేడం హ్యాండ్‌బ్యాగులో ఉంది, మేడం ముప్పై మైళ్ళ దూరంలో ఉంది. జయమ్మ లోపలినుంచి, అన్నా నీళ్ళొస్తాండాయి, తలుపు తీయన్నా అని కేకలు. కిటికీ పగలగొట్టబోయి చెయ్యి కోసుకుంది. పనిముట్ల పెట్టెలోంచి వీల్‌స్పానర్ తీసి తాళం మీద నాలుగు దెబ్బలు వేశాను, విరిగింది. అప్పటికే నాకు నడుము లోతు. ఆమెను భుజాన వేసుకుని గట్టు వైపు నడిచాను. మేకల ముసలాయన, ఆయన కొడుకులు తాడు విసిరి లాగారు. గట్టెక్కి వెనక్కి చూస్తే కారవాన్ పక్కకు జరుగుతోంది. కాసేపటికి తుమ్మచెట్టుకు కొట్టుకుని ఒరిగిపోయింది. ఐదు నిమిషాలు ఆలస్యమై ఉంటే ఇప్పుడు మీకు రాసేది వేరే ఉత్తరం.

తరువాత ఆసుపత్రి, ఆ తరువాత పోలీసులు. తాళంచెవి ఎవరి దగ్గర ఉంది, నువ్వెలా తీశావు, అంతకుముందు ఎన్నిసార్లు తీశావు అని మూడుసార్లు మూడు రకాలుగా అడిగారు. వాళ్ళ అనుమానం ఎటు పోతోందో అర్థమైంది. కేరళ నర్సు పక్కన నిలబడి హిందీలో అడుగుతుంటే జయమ్మ చేతికి కుట్లు వేయించుకుంటూనే జవాబు చెప్పింది. ఇతని దగ్గర తాళంచెవి లేదు, పగలగొట్టినాడు, పోయి చూసుకోండి అంది. వాళ్ళు వెళ్ళి చూశారు. విరిగిన తాళం గొళ్ళేనికే వేలాడుతోంది. వదిలేశారు.

ఇప్పుడు మంచి మాట. బాబా జయమ్మకు ఎగ్జిట్ కొట్టించాడు, అంటే దేశం వదిలి ఇంటికి వచ్చే అనుమతి. మేడం వారం రోజులు మూతి ముడుచుకుంది, నిన్న మాత్రం జయమ్మ తల తనే దువ్వింది. ఈ నెల 29న దమ్మాం నుంచి విమానం, మద్రాసులో దిగుతుంది. మీరు తప్పకుండా రండి, సామాను ఆమె మోయలేదు. కుడిచేతి చివరి రెండు వేళ్ళు ముడుచుకోవడం లేదు. నరం తెగిందట. కొన్నాళ్ళు కసరత్తు చేయిస్తే కొంత రావచ్చన్నాడు డాక్టరు. అంతా వస్తుందని మాత్రం అనలేదు, నేను అబద్ధం చెప్పను.

మా ఇంటావిడ పర్వీన్‌ను మీ ఇంటికి వచ్చి చూడమని చెప్పాను. పిల్లలకు నా ఆశీస్సులు.

ఇట్లు,
మీ మేలు కోరే
ఖాదర్.

తా.క. 20వ తేదీ, ఆదివారం.

కవరు అంటించాను. లాల్ అహ్మద్‌కు ఇవ్వడానికి పోయి, ఇవ్వలేక తిరిగొచ్చి చింపాను. అబద్ధం చెప్పనని రాసిన చేత్తోనే ఇది కూడా రాస్తున్నాను.

నేను ఆరోజు నిద్రపోలేదు. నీళ్ళు ఒక్కసారిగా రాలేదు. మొదట చీలమండ లోతు వచ్చాయి, అప్పుడే చూశాను. తాళంచెవి నా జేబులో ఉంది. మేడానికి తెలియకుండా బాబా అబహాలో నాకు రెండోది ఇచ్చాడు. నిప్పో ఏదో అంటుకుంటే ముందు నాకు ఫోన్ చెయ్యి, నేను సరేనంటేనే తియ్యి అన్నాడు. డ్రైవరు దగ్గర ఆడమనిషి తలుపు చెవి ఎందుకని మీకు అనుమానం రావచ్చు. రానివ్వండి. మా పర్వీన్ మీద ఒట్టు, ఆరోజు వరకు దాన్ని జేబులోంచి తీయలేదు. ఆరోజు తీయాల్సినప్పుడు కూడా తీయలేదు.

బాబాకు ఫోన్ చేశాను. జుమ్మాకని మోగకుండా పెట్టుకుని మరిచిపోయాడు. మళ్ళీ చేశాను. గట్టుమీద మేకల ముసలాయన చూస్తున్నాడు, తలుపు తీస్తే సాక్షి అవుతాడనిపించింది. జైలు కనబడింది, నా ముగ్గురు పిల్లలు కనబడ్డారు. నీళ్ళు మోకాలు దాటాయి. జయమ్మ కిటికీలోంచి చూస్తోంది, పిలుస్తోంది. నేను ఫోన్ చెవికి పెట్టుకుని నిలబడ్డాను. ఏడుసార్లు చేశాను బావా. ఇక నేను రానని ఆమెకు తెలిసిపోయింది. కుక్కర్‌తో కిటికీ కొట్టింది, పగిలినదాంట్లోంచి చెయ్యి బయటపెట్టింది. ఆ నెత్తురు చూశాక కాళ్ళు కదిలాయి. తాళంచెవితోనే తలుపు తీశాను. ఎత్తుకోబోతే ఆగమంది. చెవి నీళ్ళలో పారెయ్యన్నా, తాళం మళ్ళా తగిలించి పగలగొట్టు, లేకుంటే ఇద్దరం చస్తాం అంది. నెత్తురు కారుతున్న చెయ్యి చీరలో చుట్టుకుని, నేను స్పానర్‌తో కొట్టిందాకా ఆ నీళ్ళలో నిలబడింది.

బాబా కూడా తాళంచెవి మాట ఎత్తలేదు. ఇంట్లో అందరూ నన్ను మెచ్చుకుంటున్నారు. నేను అక్కడ ఎంతసేపు నిలబడ్డానో జయమ్మకు తెలుసు. పదహారు రోజులైంది, ఒక్క మాట అనలేదు. మీతోనూ అనదు. మద్రాసులో మీరు ఆ చెయ్యి పట్టుకున్నప్పుడు అది వరద చేసిన పని అనుకోకూడదని ఇదంతా రాశాను.