పెడళ్లు విప్పిన సైకిలు

పన్నెండో తేదీ, ఆదివారం
ఉదయం పది గంటలు

మా ఇంటి కాంపౌండరు గారికి,

నీ ఫిట్టరు సవినయంగా రాసుకునేది. నేనిక్కడ క్షేమం. నీ కుడి భుజం తప్ప మిగతా నువ్వంతా క్షేమమని తలుస్తాను. ఫోనుండగా ఈ కాగితాలెందుకని అడుగుతావు. ఫోనులో నువ్వు మాట్లాడతావు, నేను ఊఁ కొడతాను. కాగితం మీదైతే నాకూ వంతు వస్తుంది.

మొన్న నువ్వు చెప్పిన రెండు మాటలూ చెవిలోనే ఉన్నాయి. ఆ భుజంతో ఇక స్కూటరు వద్దని డాక్టరు అన్నాడన్నావు. ఇన్నేళ్లు నేను నడిపాను, నువ్వు వెనకాల దొరబాబులా కూర్చున్నావు, ఇక నువ్వు నడుపు, నేను కూర్చుంటాను అన్నావు. నేను ఊఁ అన్నాను. రెండో మాట, చెయ్యి పైకెత్తించి వ్యాయామం చేయిస్తుంటే ప్రాణం పోయేంత నొప్పి వస్తుందని, అప్పుడు మన పెళ్లయిన కొత్తలో ఆసుపత్రి నుంచి ఇంటిదాకా నడిచిన నడకలు తలుచుకుంటానని చెప్పావు. చేతిలో సైకిలు పెట్టుకుని కూడా పెళ్లాంతో కబుర్ల కోసం రోజూ నడిచే మొగుడు ఎంతమందికి దొరుకుతాడని అడిగావు. దానికి ఊఁ కూడా అనలేకపోయాను.

అదలా ఉంచు. ఇక్కడి కబుర్లు. మన ప్రెస్సు కొంటున్న కొత్త మెషీను విప్పడం, బిగించడం సగం వచ్చేసింది. ఈ పరాయి దేశంలో ఉండాల్సిన పది వారాల్లో నాలుగు అయ్యాయి. పనితో బాధ లేదు, పనికి చేరడంతోనే బాధ. నా గది నుంచి ఫ్యాక్టరీ నాలుగు కిలోమీటర్లు. షిఫ్టు ఏడింటికి, మొదటి బస్సు ఏడున్నరకి. మూడు రోజులు ఆలస్యమయ్యాక సూపర్‌వైజరు గోడ గడియారం వంక చూశాడు. తిట్టినా బావుండేది. దాంతో సైకిలు కొన్నాను.

పాత సైకిళ్ల దుకాణంలో నా హడావుడి నువ్వు చూడాల్సింది. చక్రం తిప్పి వంకర చూశాను, బొటనవేలితో గొలుసు వదులు చూశాను, ఇరుసు ఊపి బేరింగు చూశాను. చక్రంలో నాలుగు పుల్లలు వదులుగా ఉంటే దుకాణంవాడి చేతిలోంచి పానా తీసుకుని నేనే బిగించాను. అతనికి నా మీద గురి కుదిరింది. ఒక చుట్టు తొక్కి చూడమని సైగ చేశాడు. అక్కర్లేదు, చూస్తేనే తెలుస్తోందని నేనూ సైగ చేసి, నడిపించుకుంటూ వచ్చేశాను.

ఇక్కడి సైకిళ్లతో చిక్కేమిటంటే సీటు మరీ ఎత్తు. పైగా బ్రేకులు మనవాటికి ఎదురు. రోడ్డు మీద పోవాల్సిన పక్క కూడా వేరు. అందుకని మొదటి మూడు రోజులు తెల్లవారగానే లేచి, సైకిలు తోసుకుంటూ నాలుగు కిలోమీటర్లూ నడిచాను. నవ్వకు. ఆలస్యం మాత్రం కాలేదు.

నాకు గది అద్దెకిచ్చిన ఇంటావిడ గురించి చెప్పానుగా, డెబ్బై దాటిన వ్యాయామం టీచరు, రిటైరైనా మెడలో ఈల తియ్యదు. నాలుగో రోజు గుమ్మానికి అడ్డంగా నిలబడి, సైకిలు వంక, నా వంక చూసి, పెడళ్లు విప్పమని చేత్తో చూపించింది. నాకు కోపం వచ్చింది. కాని పాఠాలు చెప్పినవాళ్ల ముందు ఎవరి కోపం నిలుస్తుంది? ఎడమ పెడలు మర ఎదురు తిరుగుతుందని తెలియక చాలామంది విరగ్గొడతారు. నేను నిమిషంలో రెండూ విప్పేసరికి ముచ్చటపడింది. తరవాత సీటు దించి, నన్ను కూర్చోబెట్టి, పెడళ్లు లేని సైకిలుని కాళ్లతో నేలను తన్నుతూ ఇంటి దగ్గరి ఒక గోదాము ముందున్న ఖాళీ జాగాలో వారం రోజులు తిప్పించింది. కిందకి చూస్తే ఈల. చూపు ముందుకుంటే సైకిలు దానంతటదే నిలబడుతుందట. రెండుసార్లు పడ్డాను. మోకాలు గీరుకుంది, నువ్వు పెట్టిచ్చిన మందే రాశాను.

నిన్న పెడళ్లు తిరిగి బిగించాను. అలవాటు తప్పింది కదా, కొంచెం తడబాటు ఉంది. సైకిలు కుదిరితే స్కూటరెంత? నేను వచ్చేదాకా నువ్వు బస్సులోనే వెళ్లు. వ్యాయామం మానకు. ఊళ్లోవాళ్లకి మాత్రలు వేళ తప్పకుండా వేసుకోమని చెబుతావు, నువ్వు మాత్రం మరిచిపోతావు.

ఉంటాను మరి,
నీ ఫిట్టరు

తా.క. సోమవారం సాయంత్రం. నిన్న పోస్టాఫీసు లేదు కనక ఉత్తరం నా జేబులోనే ఉండిపోయింది. ఇప్పుడు కవరు చింపి ఇది రాస్తున్నాను.

సీటు ఎత్తూ, బ్రేకులూ, అలవాటు తప్పడమూ అన్నీ సాకులు. ఆడలేక మద్దెల ఓడు అన్నాను. నాకు సైకిలు తొక్కడం ఏనాడూ వచ్చేది కాదు. మన సంబంధం ఖాయం చేసిన రోజు మీ అన్నయ్య, చెల్లెలి ఆసుపత్రికి బస్సులు సరిగ్గా లేవు, సైకిలు తొక్కుతారా అని అడిగాడు. ఎక్కడ నువ్వు చేజారిపోతావోనని, భేషుగ్గా అనేశాను. ఆయన తన సైకిలే తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఆదివారం ఆదివారం దాన్ని విప్పి నూనె వేసేవాణ్ణి కనక ఎవరికీ అనుమానం రాలేదు. పక్కింటివాళ్ల సైకిళ్లు బాగుచేసినా, మీ కాలికి కుదరాలి, మీరే తొక్కి చూడండి అని తప్పించుకున్నాను. మీ ఆసుపత్రిలో నర్సులు నా నడకను మెచ్చుకుంటుంటే తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. నువ్వు ప్రేమ అనుకున్నది భయం. ఇరవై నాలుగేళ్లు నీకది చెప్పలేదు. నీ నొప్పికి ఆసరా అయిన జ్ఞాపకాన్ని లాగేస్తున్నానని తెలుసు. కాని నిన్ను వెనక కూర్చోబెట్టుకునే ముందు చెప్పకపోతే తప్పు. తిట్టాలనిపిస్తే ఫోను చెయ్యి, ఊఁ కొడతాను.

ఇంకొక్క మాట. ఇవాళ ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎక్కి, కాలు కింద పెట్టకుండా మా సందు మొదటిదాకా వచ్చేశాను. ఇంటావిడ కిటికీలోంచి చూసి ఈల వేసింది. గది ఇంకా రెండొందల గజాలుంది. అక్కడ దిగిపోయాను. ఎవరూ దిగమనలేదు. హ్యాండిలు పట్టుకుని, ఎడమ పక్కన నీకు చోటు వదిలి, గదిదాకా నడిచాను.

ఇన్నాళ్లూ తొక్కడం రాక నడిచాను. ఇవాళ వచ్చి కూడా నడిచాను.