ప్రింటర్ కనబడుట లేదు

సోమవారం
ఉదయం ఏడు. శపథం: మా ఆవిడ నవల ఇంట్లోనే అచ్చవుతుంది! ఆరేళ్ళు రాసింది. పోటీకి కాగితాల మీదే పంపాలట. పోస్టు చేయడానికి శనివారం ఆఖరు.
కొత్త ప్రింటర్ హాల్లో. పాత కంప్యూటర్ లోపలి గదిలో. మధ్యలో వైరు లేదు, అంతా రూటర్ మీదే. కంప్యూటర్లో ఉన్నది ఉచితంగా దొరికిన యూనిక్స్ రకం సిస్టమ్.
బావమరిది కంప్యూటర్ల మనిషి. "నేనొచ్చి పెట్టనా బావా?" అన్నాడు. అక్కర్లేదన్నాను. పదిహేనేళ్ళుగా ఊరందరి కరెంటు మీటర్లూ చదువుతున్నవాణ్ణి, ఒక ప్రింటర్ ఏపాటి?
తొమ్మిది. పరీక్ష పేజీ వచ్చేసింది! ఫ్రేము కట్టిద్దామన్నాను. ఆవిడ నవ్వింది.
పడుకునే ముందు మామూలుగానే ఇంట్లో స్విచ్చులన్నీ ఆపాను. ఈ ఇంట్లో ఆ క్రమశిక్షణ నా ఒక్కడికే ఉంది.

మంగళవారం
"ప్రింటర్ కనబడుట లేదు" అంటోంది సిస్టమ్. హాల్లోకి వెళ్ళి చూశాను. ఉంది.
సిస్టమ్‌లోంచి దాని పేరు తీసేసి మళ్ళీ మొదటినుంచి పెట్టాను. వచ్చింది! ఆవిడ ఆఖరి అధ్యాయం ఇంకా దిద్దుతోంది కాబట్టి తొందరేం లేదు. స్విచ్చులు ఆపి పడుకున్నాను.

బుధవారం
మళ్ళీ కనబడుట లేదు. కారణాలు: ఒకటి, వాన. రెండు, గోడ మందం. మూడు, కంపెనీవాళ్ళు. మూడోది ఖాయం.
మళ్ళీ పెట్టాను. వచ్చింది. "మా తమ్ముణ్ణి రమ్మననా?" అంది ఆవిడ. మొహం గంటు పెట్టుకున్నాను.

గురువారం
నవలను పెన్‌డ్రైవ్‌లో దాచి, సిస్టమంతా చెరిపి కొత్తగా ఎక్కించాను. సాయంత్రానికి పరీక్ష పేజీ. స్విచ్చులు. నిద్ర.

శుక్రవారం
నవల పూర్తయింది. "ఇక ప్రింట్ ఇవ్వండి" అని పక్కనే నిలబడింది. ముందు మొదటి అధ్యాయం ఇచ్చాను. రాలేదు. "వరసలో ఉంది" అని చూపిస్తోంది. ఆవిడ ఎదురుగా తీసి మళ్ళీ పెట్టడం నామోషీ. ఆవిడ వంటింట్లోకి వెళ్ళాక ఇంకో పదిసార్లు నొక్కాను.
సాయంత్రం బావమరిది వచ్చాడు. నేను పిలవలేదు.
"బావా, ప్రింటర్ గానీ రూటర్ గానీ ఆపి మళ్ళీ వేసినప్పుడల్లా రూటర్ ప్రింటర్‌కి కొత్త నంబరు ఇస్తోంది. మీ కంప్యూటరేమో పాత నంబరింటి తలుపు కొడుతోంది. రాత్రిళ్ళు వీటిని ఎవరు ఆపుతున్నారు?"
అక్కాతమ్ముళ్ళిద్దరూ నావైపు చూశారు. నేను ఫ్యాను వైపు చూశాను.
వాడు కంప్యూటర్లో నంబరు మార్చి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. వరస కదిలింది. మొదటి అధ్యాయం పదకొండుసార్లు వచ్చింది. ఎలా ఆపాలో నాకు తెలియదు. వాడు వచ్చేసరికి ఇంకు అయిపోయింది.

శనివారం
ఆవిడే వీధి చివర షాపులో ప్రింట్ తీయించుకుని, పోస్టు చేసి వచ్చింది. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.
ఆ పదకొండు ప్రతుల్లో ఒకటి తీసి చదివాను. ఆరేళ్ళలో ఇదే మొదటిసారి. అందులో ఒకాయన ఇంట్లో దీపాలన్నీ ఆర్పుకుంటూ తిరుగుతుంటాడు. భార్య కూర్చుని రాసుకుంటున్న గదిలోది కూడా. ఆవిడ ఏమీ అనదు. లేచి మళ్ళీ వేసుకుంటుంది.
నాకు చాలా సిగ్గేసింది.
"ఈయన ఎవరు?" అని అడిగాను.
"ఎవరో లెండి. భోజనానికి రండి."

ఆదివారం
కొత్త శపథం! ఆవిడ రెండో నవల మొదలుపెట్టింది. ఇది మాత్రం ఇంట్లోనే అచ్చవుతుంది. ఇంకు కొన్నాను. ప్రింటర్ స్విచ్ దగ్గర "ముట్టుకోరాదు" అని కాగితం అంటించాను. ఆవిడ గదిలో లైటు జోలికి వెళ్ళలేదు. తలుపు దగ్గరగా వేసి వచ్చేశాను.
రూటర్ ఒక్కటే ఆపాను.