పై గడిలో నూరు

సామేలన్నా,

నేను గంగారాంను. నువ్వు పోయి ఎనిమిది నెలలు దాటింది. అప్పుడు వానలు... ఇప్పుడు మంచిర్యాలలో తారు రోడ్డు మీద నిలబడితే చెప్పు అంటుకుంటోంది. ఇవాళ ఆదివారం, వర్క్‌షాపు బంద్. తాళం నా దగ్గరే ఉంటుంది కదా, లోపలికి వచ్చి, మన కంప్యూటర్ మిల్లింగ్ మిషన్ ముందు ఆయిల్ డబ్బా బోర్లించుకొని కూర్చున్నాను.

నాకు రాయడం రాదని నీకు తెలుసు. తొమ్మిదిలోనే బడి మానేసినవాడిని. "నీ రాత కోడి గీకినట్లున్నది తమ్మీ, కాయిదం మీద ఎందుకు తిప్పలు, మిషన్ల కొట్టు, అక్షరాలు సక్కగ వస్తయ్" అని నవ్వేవాడివి. ఈ మాటలు మిషన్‌లో కొట్టేవి కావు. అందుకే కోడి గీకినా సరే అని రాస్తున్నాను.

ఒక తప్పు చేశాను అన్నా. దాని వల్ల నిన్న ఒక పిల్ల కన్ను పోయేది. ఆ తప్పు ఆ పిల్ల మీదే పడింది. నేను అక్కడే ఉన్నాను. నోరు తెరవలేదు.

మొదటి నుంచి చెప్తాను.

నిన్ను మట్టి చేసిన మూడో రోజు సేటు షాపు తెరిచాడు. జిన్నింగు మిల్లు బ్రాకెట్లు నలభై ఆగిపోయి ఉన్నాయి. "సామేల్ లేడని పత్తి ఆగుతదార గంగా? జర చూడు" అన్నాడు. తిట్టినట్లు కాదు. ఆయన గొంతు కూడా బాగా లేదు ఆ రోజు.

మెయిన్ వేశాను. కంట్రోల్ స్క్రీన్ వెలిగింది. నీ ప్రోగ్రాంలన్నీ వరుసగా ఉన్నాయి. బ్రాకెట్ ప్రోగ్రాం తెరిచాను, ముక్క బిగించాను, స్టార్ట్ నొక్కాను. టూలు పట్టిన స్పిండిల్ తిరిగింది. కిందికి దిగింది. ముక్కకు బెత్తెడు పైన ఆగింది...

అక్కడే, గాలిలోనే పని మొదలుపెట్టింది. అంచు చుట్టూ నిదానంగా తిరిగింది. డ్రిల్లు మార్చుకుంది. ఆరు బెజ్జాలు వేసింది, ఒక్కొక్కటిగా, ఏమీ లేని చోట. పొడి రాలలేదు. కోత చప్పుడు లేదు. కింద ముక్క మీద చల్లార్చే కూలెంట్ మాత్రం కారుతూ ఉంది.

నువ్వే నిలబడి చేస్తున్నావనుకున్నాను. వెనక్కి తిరిగి చూశాను కూడా.

కాసేపటికి గుర్తొచ్చింది. నువ్వు రోజూ సాయంత్రం మెయిన్ ఆపే ముందు, ఎత్తుల లెక్కలుండే ఆఫ్‌సెట్ పేజీ తెరిచి, అన్నింటికంటే పై గడిలో నూరు కొట్టేవాడివి. ఆ గడిలో నూరు ఉంటే ఏ ప్రోగ్రాం నడిపినా టూలు నూరు మిల్లీమీటర్లు పైనే ఉంటుంది. మర్నాడు ఎవరొచ్చి ఏ మత్తులో స్టార్ట్ నొక్కినా మొదటిసారి గాలినే కోస్తుంది. కళ్లారా చూసుకున్నాక ఆ గడిని సున్నా చేసి, అప్పుడు అసలు పని.

"పొద్దుగాల ఎవ్వని తెలివి ఎట్లుంటదో ఎర్కనా తమ్మీ? ఇంట్ల పెండ్లాంతోని లొల్లి వెట్టుకొని వస్తడు. ముందుగాల జర గాలిని కొయ్యనీ. గాలికి రక్తం రాదు" అనేవాడివి.

ఆ సాయంత్రం కూడా కొట్టావు. కొట్టి, చేతులు కడుక్కొని, టిఫిన్ డబ్బా తీసుకొని, "ఛాతిల పట్టినట్లున్నది, గ్యాస్ కావచ్చు" అని బయల్దేరావు. రైల్వే బ్రిడ్జి మెట్లు సగం కూడా ఎక్కలేదట నువ్వు...

అంటే నీ వేళ్లు చివరగా కొట్టింది ఆ నూరే.

సున్నా చేయాలి. వేలు బటన్ దాకా పోయింది. నొక్కలేకపోయాను.

ఏం చేశానో వింటే చెవి మెలిపెడతావు. పై గడిలో నీ నూరును అట్లాగే ఉంచాను. ముక్క ఎత్తు మళ్లీ కొలిచి, ఆ ఎత్తు వేసే కింది గడిలో ఆ నూరు తగ్గించి వేశాను. పై గడి ఎంత లేపుతోందో, కింది గడి అంత దించుతోంది. టూలు ముక్కను తాకింది. పొడి రాలింది. సేటు చూసి తల ఊపి వెళ్లిపోయాడు.

ఎనిమిది నెలలు అన్నా... ప్రతి పనికీ అట్లాగే చేశాను. ఎవరికీ చెప్పలేదు.

నేను ఎక్కడా కుదురుగా ఉన్నవాడిని కాదు కదా. బోథ్‌లో బాపుతో పత్తి చేన్లో ఉండలేకపోయాను. కరీంనగర్‌లో లారీ షెడ్డు, ఆ తర్వాత టెంట్ హౌసు, ఆ తర్వాత దుబాయి పోతానని పాస్‌పోర్టు. నీ దగ్గర మూడేళ్లు ఉన్నానంటే అవ్వ ఇప్పటికీ నమ్మదు. నువ్వు పోయిన వారానికే సంచి సర్దుకోవాల్సినవాడిని. సర్దుకోలేదు. పొద్దున మెయిన్ వేసి, ఆ పేజీ తెరిచి, పై గడి చూసేవాడిని. ఉంది. నువ్వు ఉన్నట్లే అనిపించేది. ప్యానెల్ ముందు నీ చోటు వదిలి, పక్కకు నిలబడి బటన్లు నొక్కేవాడిని. తెలియనివాళ్లు చూస్తే ఏమనుకునేవాళ్లో...

రూతు వదిన ఒకసారి వచ్చింది. నీ కళ్లద్దాలు, కొలతల వెర్నియర్, రెండో చొక్కా తీసుకుంది. "మీ అన్నవి ఇంకేమన్న ఉన్నయా గంగా?" అని అడిగింది. లేవు వదినా అన్నాను.

ఎందుకట్లా అన్నాను? ఆమెకు చూపిస్తే ఏమయ్యేది?

ఈ మధ్య నా సొంతంగా ప్రోగ్రాంలు రాస్తున్నాను. నువ్వు చెప్పిన వరుసే. ముందు కాగితం మీద, తర్వాత కంట్రోల్‌లో కొత్త నంబర్ ఇచ్చి ఒక్కో లైను కొట్టడం, కొట్టింది పైకి చదువుకోవడం, పెన్ డ్రైవ్‌లో ఇంకో కాపీ దాచడం. స్క్రీన్ మీద బొమ్మ నడిపి చూడడం. అంతవరకూ అన్నీ చేశాను.

గాలిని కోయించడం ఒక్కటే మానేశాను.

కింది గడి అప్పటికే నూరు దించి ఉంటుంది, ఇంక పై గడిని పెంచితేనే కదా టూలు పైకి లేచేది? ముట్టుకుంటే నీ నూరు పోతుంది. అందుకని బొమ్మ సరిగ్గా వచ్చిందంటే చాలనుకొని నేరుగా ముక్క మీదికే దించేవాడిని. "స్క్రీన్ మీద గీతలకు వైస్ ఎక్కడున్నదో, క్లాంప్ ఎక్కడున్నదో ఏం ఎర్క?" అని నువ్వు ఎన్నిసార్లు అన్నావు... నీ నంబర్ కాపాడతానని నీ మాట పారేశాను. అప్పుడు అట్లా అనిపించలేదు అన్నా. నిజంగా అనిపించలేదు.

ఇరవై రోజుల కింద కొత్త ఆపరేటర్ వచ్చింది. సీతాబాయి. ఉట్నూర్ అవతల గూడెం, ఐటీఐ చదివింది. ఇక్కడ వాళ్ల చిన్నమ్మ ఇంట్లో ఉంటోంది. నెమ్మదిగా ఉంటుంది కానీ నోరు మాత్రం పదును. మొదటి రోజే నన్ను చూసి, "మిషన్‌కు గంత పక్కకు నిలవడ్డవేందన్నా, అలిగిందా?" అంది. సేటు కూడా నవ్వాడు.

నేను ఆమెకు చాలా చెప్పాను. కొత్త ప్రోగ్రాం అయితే స్పీడు నాబ్ బాగా తగ్గించి పెట్టమన్నాను. ఒక్కో లైను నడపమన్నాను. మిషన్ ఆపే ఎర్ర బటన్ మీద చెయ్యి ఉంచమన్నాను. పై గడి సంగతి మాత్రం చెప్పలేదు. చెప్పాలంటే ఎందుకో కూడా చెప్పాలి కదా...

నిన్న పొద్దున బొగ్గు గని పంపు మూత ప్లేట్లు ఎక్కించాం. బిగింపు, కొలత అంతా నేనే చేసి, చాయ్ తెద్దామని బయటికి పోయాను. ఆమె మొదటిసారి ఒక్కతే స్టార్ట్ నొక్కే ముందు అన్ని పేజీలూ ఒకసారి చూసుకుంది, మంచి ఆపరేటర్ చూసుకున్నట్లే. పై గడిలో నూరు కనబడింది. ఎవరో మరచిపోయారనుకుంది. సున్నా చేసింది.

పై గడి లేపడం ఆగిపోయింది. కింది గడి దించడం ఆగలేదు.

ముక్క పైన ఆగాల్సిన డ్రిల్లు ప్లేటులోకి దిగి, దాన్ని పట్టి ఉంచిన వైస్‌ను గుద్దింది. మన మిషన్ డోరు అద్దం గీతలు పడి ఏమీ కనబడదు కదా, సీత డోరు సగం తెరిచి చూస్తోంది. డ్రిల్లు విరిగి ముక్క ఎగిరింది.

చప్పుడు విని పరుగెత్తుకొచ్చాను. ఎర్ర బటన్ నొక్కి ఉంది. సీత ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకొని ఉంది. వేళ్ల సందుల్లోంచి రక్తం. "అన్నా, కన్ను ఉన్నదా సూడు" అంది.

ఇప్పుడు రాసేది నీకు తప్ప ఎవరికీ చెప్పలేను. నేను ముందు ఆమె కన్ను చూడలేదు. స్క్రీన్ చూశాను. పై గడిలో సున్నా ఉంది. పోయింది అనుకున్నాను. ఆ తర్వాత ఆమె వైపు తిరిగాను.

ఎంతసేపు? రెండు ఊపిరులంత. ఆ రెండు ఊపిరులూ నిన్నటి నుంచి నన్ను వదలడం లేదు.

కన్ను ఉంది. కనుబొమ మీద తెగింది. బండి మీద దవాఖానకు తీసుకుపోయాను, రెండు కుట్లు వేశారు. వేలెడు కిందికి తగిలితే చెప్పలేకపోయేవాళ్లమన్నాడు డాక్టరు.

తిరిగి వచ్చేసరికి సేటు స్పిండిల్ దగ్గర నిలబడి ఉన్నాడు. వంగిపోయిందో ఏమో, హైదరాబాద్ నుంచి మెకానిక్ రావాలట. గడిలో నూరు తీసి సున్నా చేశానని సీత చెప్పింది.

"గా గడిని నిన్నెవలు ముట్టుమన్నరు పోరీ?" అన్నాడు.

"అది సున్నా ఉండాలె గద సేటూ. మాకు గట్లనే నేర్పిండ్రు."

"నేర్పిండ్రట! మూడేండ్ల సంది నడిపేటోడు చాయ్‌కి పోతె, నువ్వు నంబర్లు మారుస్తవా?" అని నా వైపు తిరిగాడు. "ఏందిర గంగా, ఈమెకు చెప్పలేదా?"

సీత నా వైపే చూస్తోంది. కట్టు కింది నుంచి, ఒక కన్నుతో.

నేను నేల చూశాను అన్నా.

"సోమారం సంది రాకు బిడ్డా" అన్నాడు సేటు ఆమెతో. కోపంగా అంటే బాగుండేది. మెల్లగా అన్నాడు. ఆమె డబ్బా తీసుకొని వెళ్లిపోయింది.

అందరూ పోయాక కంట్రోల్ వేశాను. మిషన్ కదలదు కానీ స్క్రీన్ వెలుగుతుంది. ఆ పేజీ తెరిచాను. పై గడిలో మళ్లీ నూరు కొట్టాను.

చూస్తూ నిలబడ్డాను. అవే అంకెలు, అదే గడి, అదే రంగు. రోజూ ఏదో అనిపించేది కదా... అది ఎప్పుడు వస్తుందా అని చూశాను. రాలేదు. నా వేళ్లు కొట్టిన నూరు, అంతే.

అప్పుడు ఇంకొకటి తట్టింది. నువ్వు ప్రతి పొద్దునా నీ చేత్తోనే దాన్ని తుడిచేసేవాడివి కదా? ఒక్క రోజు కూడా దాచుకోలేదు. పొద్దున వచ్చేవాడి కోసం కొట్టావు, వాడు చూసుకున్నాక తీసేయాలి. ఆ రోజు వచ్చినవాడిని నేను. నేను తీయలేదు.

సున్నా చేశాను. ఈసారి వేలు ఆగలేదు.

ఇవాళ పొద్దున సీత చిన్నమ్మ ఇంటికి పోయాను. వాకిట్లో మంచం మీద కూర్చొని ఉంది, నుదురంతా వాచి. నువ్వెవరో చెప్పాను, ఆ సాయంత్రం సంగతి చెప్పాను, నూరు చెప్పాను, కింది గడి చెప్పాను. ముందు స్క్రీన్ చూసిన సంగతి మాత్రం చెప్పలేకపోయాను. అంతా విన్నాక అడిగింది.

"సామేలన్న మీద గంత పానం ఉంటె, ఫొటో పెట్టుకొని దండ ఎయ్యరాదా అన్నా? మిషన్ల ఎందుకు పెట్టినవ్? దాని ముంగట నేను గూడ నిలవడ్డ గదా?"

నా చూపు మళ్లీ నేల మీదికి పోయింది.

"నిన్న సేటు ముంగట గట్ల నేల సూసినవ్. మా ఊర్ల మేకపోతు గూడ గట్ల సూడదు."

తిట్టనీ అనుకున్నాను. ఇంకా తిట్టినా బాగుండు. కానీ ఆగిపోయింది. కట్టు సర్దుకొని, "రేపు ఎనిమిదింటికి గేటు కాడ ఉంట. నువ్వు చెప్తవా, నన్ను చెప్పుమంటవా?" అని అడిగింది.

నేనే చెప్తానన్నాను. ఆమె నమ్మినట్లు లేదు. నమ్మకపోవడమే సరి.

సేటు నన్ను పంపించేస్తాడేమో అన్నా. పంపిస్తే పంపించనీ. పాస్‌పోర్టు ఉంది, ఎక్కడికైనా పోగలను, పోవడం నాకు కొత్త కాదు. భయం దానికి కాదు. గేటు దగ్గర ఆమెను చూశాక, సేటు బండి దిగాక, నా మెడ మళ్లీ కిందికి వంగిపోతుందేమోనని. నిన్న కూడా చెప్పాలనే ఉండె కదా నాకు...

ఆ మాటను షాపులో ఒక్కడినే నాలుగుసార్లు పైకి అని చూశాను. రెండుసార్లు మధ్యలోనే ఆగిపోయాను. నువ్వు వింటావని ఒకసారి ఇక్కడ కూడా రాస్తున్నాను.

"సేటూ, గా పిల్ల తప్పు లేదు. గడిల నూరు ఉంచింది నేను. ఎనిమిది నెలల సంది నేనే ఉంచిన. ఆమెకు చెప్పలే. నిన్న నువ్వు అడిగితె గూడ చెప్పలే."

ఇంతే. ఇంకేమన్నా కలపాలా అన్నా? నీ పేరు తీయను. నీ పేరు తీస్తే సేటు మెత్తబడతాడు, నాకు తెలుసు. అది వద్దు.

ఆయన ముఖం చూసే చెప్తాను. మాట ఇస్తున్నాను.

ఉంటాను అన్నా.

నీ తమ్ముడు,
గంగారాం