అత్త చెయ్యెత్తిన రోజు

చిరంజీవి మేనకోడలు పిల్లకి,
విజిల్ అత్త ముందు దీవించి, ఆ తర్వాత కాస్త సిగ్గుపడి రాసేది.

ఇక్కడ అందరం బాగున్నాం. ఈ ఉత్తరం ప్రెషర్ కుక్కరు రబ్బరు కోసమని మీ మావయ్య అనుకుంటున్నారు. అలాగే అనుకోనీ.

అసలు సంగతికి వస్తాను. ఇంకో తొమ్మిది వారాల్లో నా రిటైర్‌మెంటు. ముప్ఫై మూడేళ్ళు డ్రిల్లు టీచరుగా ఈ గ్రౌండు దుమ్ము తిన్నాను. చివరి రోజు ఆరు వందల మంది పిల్లలతో ఆఖరి డ్రిల్లు. నేను వేదిక మీద చెయ్యెత్తితే వాళ్ళెత్తాలి. చిక్కంతా అక్కడే ఉంది. నేను చెయ్యెత్తలేను. భుజం నొప్పేం లేదు. చెయ్యెత్తితే లోపలి బాడీ కూడా దాంతోపాటు పైకి లేస్తుంది. మీ కాలం పిల్లలు బ్రా అంటారు, మాకది బాడీయే. దించితే మాత్రం చెయ్యి ఒక్కటే దిగుతుంది.

అందుకని ఇన్నేళ్ళూ చెయ్యి చెవి దాకానే ఎత్తాను. నన్ను చూసి పిల్లలూ అంతే. పోయినేడు తనిఖీకొచ్చిన ఆఫీసరు, ‘ఇదేం పద్ధతండీ, అందరూ సగమే ఎత్తుతున్నారు?’ అన్నాడు. ‘మా స్కూలు పద్ధతి’ అన్నాను తలెత్తి. తలైతే ఎంతైనా ఎత్తగలను.

కొట్లో అడుగుదామంటే కౌంటర్లో ఆ మీసాలాయన. నంబరు చెప్పగానే పెట్టె విసిరి, ‘విప్పితే వాపసు లేదు’ అంటాడు. ఎనిమిది రకాలు కొన్నాను. ఒకటి కోస్తుంది, ఒకటి జారుతుంది, ఒకటి ఊపిరాడనివ్వదు. సాయంత్రం ఇంటికి రాగానే చెప్పులకంటే ముందు దాన్నే విప్పుతాను.

నువ్వు గార్మెంట్స్‌లో ఉన్నావు కదా, నా ఒంటికి సరిపోయేది ఒక్కటంటే ఒక్కటి కుట్టి పంపు. పోయే ముందు ఒక్కసారి చెయ్యి పూర్తిగా ఎత్తాలనుందే. సైజు ముప్ఫై నాలుగు. పెళ్ళినాటి నుంచీ అదే.

ఇట్లు,
చెవి దాకానే ఎత్తే నీ అత్త

తా.క. లాంగ్ జంప్ రికార్డు బోర్డుకి కొత్త రంగు వేయించాను. నీ రికార్డు బద్దలుకొట్టిన పొడుగు పిల్ల పేరు భలే మెరుస్తోంది. ఆరు సెంటీమీటర్లే కదమ్మా, ఇంకా ఏడుస్తున్నావా?

*

అత్తకి వెయ్యి నమస్కారాలు, మావయ్యకి ఒక కుక్కరు రబ్బరు.

ఏడుస్తూనే ఉన్నాను. పదేళ్ళైనా ఆ ఆరు సెంటీమీటర్ల మాట ఎత్తితే కడుపు మండిపోతుంది.

ముందు ఒక మాట. నేను గార్మెంట్స్‌లో లేను. బ్రాలు కుడతాను. పోయిన నెల నుంచి కటింగ్ మాస్టరుని. ఈ ఫ్యాక్టరీలో ఆ బల్ల ముందు నిలబడ్డ మొదటి ఆడదాన్ని. నాన్న మాత్రం అందరికీ చొక్కాలని చెప్పాడు. ఇద్దరు చుట్టాలు కాలరు కొలతలు కూడా పంపారు.

నేను గెంతడం ఎందుకు మానేశానో మీరెవరూ అడగలేదు. రెండు పిన్నీసులు పెట్టుకుని గెంతేదాన్ని. ఆ రికార్డు రోజు ఇసుకలో పడగానే ఒకటి ఊడి గుచ్చుకుంది. నువ్వు చప్పట్లు కొడుతున్నావు, నేను నవ్వుతూ చేతులు కట్టుకుని నిలబడ్డాను. మళ్ళీ పేరివ్వలేదు. ఇంకే ఆడపిల్లా అలా నిలబడకూడదనే ఈ పని నేర్చుకున్నాను. కాబట్టి నీకు కుట్టేది ఆషామాషీగా ఉండదు.

ఇక ఆ ముప్ఫై నాలుగు. నీ పెళ్ళినాటి జాకెట్టు ఇప్పుడు పడుతుందా? నంబరు వద్దు, కొలతలు పంపు. రొమ్ముల కింద చుట్టూ ఒకటి, నిండుగా ఉన్నచోట చుట్టూ ఒకటి, సెంటీమీటర్లలో. ఊపిరి బిగబట్టకు.

ఇట్లు,
నీ కోడలు, బ్రాల కటింగ్ మాస్టరు

తా.క. ఊపిరి బిగబట్టకు. నీ సంగతి తెలుసు కాబట్టి రెండోసారి రాస్తున్నాను.

*

మాస్టరు గారికి, శిష్యురాలైన మేనత్త వినయంగా రాసేది.

నీ ఉత్తరం చదివాను. పిన్నీసు సంగతి నాకెందుకు చెప్పలేదే? ఆ రోజు నా దగ్గరా నాలుగున్నాయి, లోపలే. చెప్పుంటే ఇద్దరం ఒకచోట కూర్చుని ఏడ్చేవాళ్ళం.

సరే. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని నీకు తెలుసు. అయినా మాస్టరు గారు అడిగారు కాబట్టి కొలిచాను. ఇంట్లో టేపు లేదు. స్పోర్ట్స్ రూము తలుపు గడియ పెట్టుకుని గ్రౌండు టేపు తీశాను. పదిహేను మీటర్ల టేపు. ఒక మీటరు ఒంటికి, మిగతాది కాళ్ళకి చుట్టుకుంది. ఆయమ్మ తలుపు కొట్టి, ‘ఏం కొలుస్తున్నారమ్మా అంతసేపు?’ అంది. ‘లాంగ్ జంప్’ అన్నాను.

కింద తొంభై, పైన నూట ఎనిమిది. మూడుసార్లు కొలిచాను. ఈ స్కూల్లో నా కొలతకి తిరుగులేదు, ఎవరినైనా అడుగు.

ఇట్లు,
కొలతలో ఏనాడూ తప్పని నీ అత్త

తా.క. ఊపిరి బిగబట్టలేదు. మూడోసారి మాత్రం కొంచెం.

*

అత్తకి, పార్సిలుతోపాటు కాస్త గర్వం కూడా జతచేసి పంపేది.

గుడ్డ నేనే కోశాను, కుట్టిందీ నేనే. కింది పట్టీ వెడల్పు పెంచాను. బరువు మోయాల్సింది అది, భుజాలు కాదు. మా సూపర్‌వైజరు తిప్పి తిప్పి చూసి ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడం ఇక్కడ మెడల్‌తో సమానం.

ఇట్లు,
నీ మాస్టరు

తా.క. వేసుకుని, చెయ్యెత్తి, దించి, అప్పుడు రాయి.

*

కోడలు పిల్లకి, అద్దం ముందు నిలబడి అత్త రాసేది.

చెయ్యెత్తాను. అది గడ్డం కిందికొచ్చి కూర్చుంది.

హుక్కులు చివరి వరసలో పెట్టినా కింది పట్టీలో నా రెండు పిడికిళ్ళూ పట్టాయి. ఇంకా మీ మావయ్య కళ్ళజోడు పెట్టెకి చోటు మిగిలింది. కుట్టు ముత్యాల్లా ఉంది, కాదనను. కానీ ముత్యాల్లాంటి కుట్టుతో గుడారం కుట్టావు! నీ కళ్ళకి మీ అత్త అంత ఉందా? పెళ్ళినాటి జాకెట్టు మాట ఎత్తినప్పుడే అనుకున్నాను నీ మనసులో ఏదో ఉందని. ఇంకా నాలుగు వారాలే ఉంది. నేనిలా చెవి దాకానే ఎత్తి వెళ్ళిపోవాలని నా నుదుట రాసుంటే నువ్వేం చేస్తావులే.

ఇట్లు,
గుడారంలోంచి నీ అత్త

తా.క. కుక్కరు రబ్బరూ పెద్దదే పంపావు. ‘ఈ పిల్లకి కొలతలు రావు’ అంటున్నారు మీ మావయ్య. పాపం, ఆయనకి తెలిసింది సగమే.

*

అత్తకి, ముందు రోషంతోనూ తర్వాత భయంతోనూ రాసేది.

నా కత్తెర ఒక్క దారప్పోగు కూడా తప్పదు. పార్సిలు కట్టేముందు నాలుగుసార్లు కొలిచాను. కుక్కరు రబ్బరు సంగతి మీ కుక్కరునే అడుగు.

అంత రాసి కలం పక్కన పెట్టాక లెక్క మళ్ళీ వేసి చూశాను. నీ కొలత తప్పదు, నా కత్తెర తప్పదు. ఇక మిగిలింది ఒక్కటే. అత్తా, నువ్వు మూడు వారాల్లో పది సెంటీమీటర్లు తగ్గిపోయావు! ఆకలేస్తోందా? నీరసంగా ఉందా? రేపే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళు. నా మీద ఒట్టు.

ఇట్లు,
అన్నం సయించని నీ కోడలు

తా.క. నువ్వీ ఉత్తరం దాచేస్తావని ఇంకో కాపీ మావయ్య పేరున వేశాను.

*

కోడలు పిల్లకి, మనసు నిండా కోపంతో, కడుపు నిండా తిండితో రాసేది.

మీ మావయ్య చదివారు. అప్పటినుంచి రోజుకి అయిదుసార్లు తినిపించి, ఎదురుగా కూర్చుని కళ్ళొత్తుకుంటున్నారు. ‘ఇన్నేళ్ళలో నీ మీద ఎప్పుడైనా అరిచానా?’ అన్నారు. ‘అరిచారు’ అన్నాను. మళ్ళీ ఏడ్చారు.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. గుండ్రాయిలా ఉన్నానంది. ఆవిడ టేపుతో కింద ఎనభై, పైన తొంభై ఎనిమిది. ఎందుకని అడగకు. మళ్ళీ కుట్టు. నాకిక్కడ ఒక పని పడింది. అది తెమిలాక రాస్తాను.

ఇట్లు,
నీ అత్త

తా.క. ఆడలేక మద్దెల ఓడు అంటారు. ఇక్కడ మద్దెల నిజంగానే ఓటిది.

*

చిరంజీవి, కటింగ్ మాస్టరు, నా బంగారు కోడలికి,
మీ అత్త రెండు చేతులూ పైకెత్తి దీవించి రాసేది.

డాక్టరమ్మ దగ్గర్నుంచి తిన్నగా స్పోర్ట్స్ రూముకి వెళ్ళి టేపు విప్పాను. దానికి సున్నా లేదు. పది దగ్గర మొదలవుతోంది! నువ్వు స్కూలు వదిలిన మరుసటేడు అంచు పీలికలైతే, నేనే పదో గీత దాకా కత్తిరించి నీటుగా మడిచి కుట్టాను. మొదట్లో ప్రతి కొలతలోనూ పది తీసేసేదాన్ని. తర్వాత మర్చిపోయాను. అంతే, అంత తేలిగ్గా.

అంటే అప్పటినుంచి ఈ స్కూల్లో గెంతిన ప్రతి పిల్లకీ పది సెంటీమీటర్లు ఎక్కువ రాశాను.

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు, ఇంకో పక్షం రోజుల్లో వెళ్ళిపోతాను అని ఒక పూట అనుకున్నాను కూడా. ముప్ఫై మూడేళ్ళ పరువు కదా. కానీ సగం చెయ్యెత్తి ‘మా స్కూలు పద్ధతి’ అన్నది నేనే. ఇదీ మా స్కూలు పద్ధతేనని ఏ మొహంతో చెప్పను? రిజిస్టర్లన్నీ తీసి, నా చేత్తోనే దిద్దాను. నీకు చెప్పిన పని అదే.

తర్వాత పొడుగు పిల్ల దగ్గరికి వెళ్ళాను. ఇప్పుడది బస్సు డ్రైవరు. దాని సీటు వెనకే నిలబడి అంతా చెప్పాను. నువ్వు గెంతింది చిరగని టేపుతో. అది నీకంటే ఎక్కువ గెంతింది ఆరు, టేపు పెట్టిన దొంగలెక్క పది. స్టాపులో బస్సు ఆపి నా వైపు తిరిగింది. ‘పదేళ్ళు ఏలాను, చాల్లెండి టీచర్. ఆ అక్కనే నాకూ ఒకటి కుట్టమనండి, స్టీరింగు తిప్పితే భుజం పట్టీ జారిపోతోంది’ అంది. నాకంటే దానిదే పెద్ద మనసు.

ఇక నిన్నటి రోజు. మైకు ఇవ్వగానే అందరూ రుమాళ్ళు తీశారు. ‘నా కొలత తప్పింది. పన్నెండేళ్ళు తప్పింది. ఆ సంగతి నాకు చెప్పింది ఒక బ్రా’ అన్నాను. బాడీ అనలేదు, నీ మాటే వాడాను. హెడ్మాస్టరు గారు మైకు వైరు కోసం వెతుకుతున్నారు. ‘అది కుట్టింది నా మేనకోడలు. గార్మెంట్స్ కాదు, చొక్కాలూ కాదు. బ్రాలు కుడుతుంది. కటింగ్ మాస్టరు. ఈ స్కూలు లాంగ్ జంప్ రికార్డు ఈ రోజుకీ దానిదే. నాలుగు సెంటీమీటర్ల తేడాతో!’ అన్నాను.

ముందు ఆయమ్మ చప్పట్లు కొట్టింది. తర్వాత టీచర్లు. తర్వాత ఎందుకో తెలియకపోయినా పిల్లలంతా. ముందు వరసలో కూర్చున్న మీ నాన్న తల దించుకుంటాడేమో అనుకున్నాను. లేచి నిలబడి, ‘మా అమ్మాయే, మా అమ్మాయే’ అని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పుకున్నాడు.

అప్పుడు విజిలు ఊది చెయ్యెత్తాను. చెవి దాటింది. తల దాటింది. నువ్వు మళ్ళీ కుట్టి పంపిన బ్రా ఉన్నచోట ఉన్నట్టే ఉంది. పిల్లలు అలవాటుగా చెవి దగ్గర ఆగారు. నా చెయ్యి ఆగకపోయేసరికి ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఆ తర్వాత ఆరు వందల చేతులూ ఒక్కసారిగా పైకి లేచాయే! ముప్ఫై మూడేళ్ళలో అంత ఎత్తు నేను చూడలేదు. ఏడ్చాను. గర్వంతోనే ఏడ్చాను, దాచుకోను.

ఇట్లు,
రికార్డు కోడలికి అత్తనని చెప్పుకు తిరుగుతున్న నీ అత్త

తా.క. బోర్డు మీద నీ పేరు మళ్ళీ రాయించాను. పక్కన ఏం చేస్తుందో రాయాలా అన్నాడు పెయింటరు. అదే ముందు రాయమన్నాను, పెద్దక్షరాలతో.

రెండో తా.క. పదకొండు మంది టీచర్లవి, ఆయమ్మది, పొడుగు పిల్లది కొలతలు పంపుతున్నాను. అన్నీ డాక్టరమ్మ టేపుతోనే. కుక్కరు మూతకి సొట్టుందట, నీ రబ్బరు సైజు సరైనదేనని మీ మావయ్య ఒప్పుకున్నారు.

మూడో తా.క. ఈ రోజూ అదే వేసుకుని బజారంతా తిరిగాను. ఇంటికొచ్చి నాలుగు గంటలైంది. చెప్పులు విప్పాను, తిన్నాను, ఇంత ఉత్తరమూ రాశాను. లోపలిది విప్పలేదని ఇప్పుడే గుర్తొచ్చింది.