తేదీ లేని మ్యాపు

ఆగస్టు 4
పొద్దున్నుంచి ఆరోగ్యశాఖ కంట్రోల్ రూమ్‌లో కుర్చీ దిగలేదు. భీమిలిలో ఒకే వీధిలో వాంతులు, విరేచనాలు — ఆసుపత్రి నుంచి ఫోన్ మీద ఫోన్. కేసు వచ్చిన ప్రతి ఇంటి మీదా మ్యాపులో ఒక ఎర్ర చుక్క పెడుతూ పోయాను. సాయంత్రానికి చుక్కలన్నీ కలిసిపోయి వీధి వీధంతా ఎర్రటి మరక. సార్ వెనక నిలబడి, "ఇక్కడేనమ్మా, ఈ కుళాయి లైనే" అన్నారు. ట్యాంకర్లు అటే బయల్దేరాయి. నాకు కలిగింది భయం కాదు... గర్వం.

ఆగస్టు 5
పైపు దొరికింది. మురుగు కాలువ పక్కన పగిలి ఉందట. నా మ్యాపు చూసే తవ్వారట!
నిన్న ఇంటికి రాగానే ఆ మ్యాపు బొమ్మ మా అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టాను — నీళ్లు కాచి తాగండి అని. మూలనున్న తేదీ కత్తిరించేశాను. ఫోన్‌లో నీట్‌గా కనబడాలని, అంతే. ఒకటే మెచ్చుకోళ్లు.

ఆగస్టు 9
కొత్త కేసుల్లేవు. ఆఫీసు తెర మీద ఆ వీధి ఆకుపచ్చ. స్వీట్లు పంచారు.

ఆగస్టు 12
నూకాలు వచ్చింది. మేం ఈ అపార్ట్‌మెంట్‌కి వచ్చిన దగ్గర్నుంచీ మాకు చేపలు ఆవిడవే, భీమిలి నుంచి తొలి బస్సులో తెస్తుంది. ఇంత పొద్దెక్కినా తట్ట నిండుగానే ఉంది.
"ఏటమ్మా, ఎవులూ తలుపు తియ్యరు? కానాగంతలు, పొద్దున పడ్డవే. మొప్పలు సూడు."
అత్తయ్య లోపల్నుంచే — "ఈ వారం మేం తినట్లేదు." ఎప్పట్నుంచి? నూకాలు వెళ్లాక నా చెవిలో — "ఆ ఎర్ర వీధి దీనిదేనటే. గ్రూపులో మళ్లీ వచ్చింది, చూళ్లేదూ?"
చూశాను. నా బొమ్మే. కింద ఎవరో రాశారు: ఈ రోజు పరిస్థితి, భీమిలి చేపలు కొనకండి.

ఆగస్టు 13
గ్రూపులో రాశాను — అది పాతది, ఇప్పుడు ఎవరికీ ఏమీ లేదు, తప్పు నీళ్లది, చేపలది కాదు. ఒకాయన: "మీరే కదండీ పెట్టారు?" ఇంకొకామె దండం పెట్టే బొమ్మ. అయిపోయింది. సబ్బవరం నుంచి మా ఆడపడుచు అదే బొమ్మ నాకే పంపింది, జాగ్రత్త వదినా అని. ఛీ.

ఆగస్టు 16
ఆఫీసు తరఫున ఒక మాట చెబుదామా అని సార్‌ని అడిగాను. "సద్దుమణిగింది కదమ్మా, మళ్లీ ఎందుకు కెలకడం?" ఆ మాటకి నాకూ హాయిగా అనిపించింది. సిగ్గులేని మనిషిని.
నూకాలు దగ్గర కానాగంతలు కొన్నాను. అవి మంచివని నాకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. అయినా కడగడానికి చెయ్యి రాలేదు. పనమ్మాయికిచ్చి పంపేశాను.

ఆగస్టు 19
ఇవాళ తట్ట లేదు. ఉత్త చేతులతో వచ్చి మెట్ల మీద కూలబడింది. కూతురి ఫోన్ తీసి చూపించింది. తెర మీద ఎర్ర మరక.
"ఆపీసులో ఇలాటియే సేత్తావంట గదమ్మా నువ్వు. మా వీధికి ఇలగ రగతం పూసినోలు ఎవులో కనుక్కో. నానేటీ అన్ను. ఒక్కపాలి మా ఇంటికొచ్చి, మా నీల్లు తాగి, నా సేతి పులుసు తిని ఎల్లమను."
అత్తయ్య గుమ్మంలోనే ఉంది. నా వంక చూసింది, నోరు తెరవబోయింది.
"కనుక్కుంటాలే నూకాలూ" అన్నాను.

ఆగస్టు 22
ఆ మనిషి దొరికినా దొరక్కపోయినా రేపు ఆదివారం నన్ను రమ్మంది నూకాలు. ఇంటి గుర్తులు కూడా చెప్పింది — కుళాయి పక్కన, నీలం తలుపు. కొత్తగా వింటున్నట్టు బుర్ర ఊపాను. ఆ కుళాయి చుట్టూ చుక్కలు పెట్టింది నేనే. నీలం తలుపు మీద కూడా ఒకటి పెట్టే ఉంటాను...
మీ ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేదా అని, ఇన్ని రోజుల్లో, ఒక్కసారి కూడా అడగలేదు.