పేజీకి నాలుగు వరుసలు

జూన్ 8

ఒత్తులు మాయమైపోతున్నాయి. పుస్తకం ఎంత దగ్గరగా పెట్టుకున్నా అక్షరం కనిపిస్తుంది, దాని కింది ఒత్తు కనిపించదు. రెటీనా అరిగింది, అద్దాలు మార్చినా లాభం లేదని డాక్టరమ్మ చెప్పేసింది.

పెళ్ళైనప్పటి నుంచి సాయంత్రం కొట్టు నుంచి రాగానే లోగనాయకికి కథ చదివి వినిపించడం నా అలవాటు. ఈ తమిళ ఊళ్ళో మా ఇళ్ళలో మాట తెలుగు, రాత తమిళం. ఆమె సరుకుల చీటీలో తెలుగు మాటలు కూడా తమిళ అక్షరాల్లోనే ఉంటాయి. నాకైతే నాన్న గల్లాపెట్టె వెనక కూర్చోబెట్టి తెలుగు అక్షరాలు నేర్పాడు. ఇప్పుడు నేను చదవలేకపోతే నా పెళ్ళానికి కథలెవరు చదువుతారు? దిగులుగా ఉంది.

జూన్ 15

కూతురు కార్తిక లాస్‌పేట నుంచి వచ్చింది. తన టాబ్లెట్ తెచ్చింది, ఆఫీసులో ఎవరినో అడిగి, పుస్తకాలు చదువుకోవడానికే చేసిన ఇ-ఇంక్ రీడర్ కూడా తెచ్చింది. రెండూ వాడి చూడు నాయినా, నీకు ఏది కుదిరితే అది కొనిస్తా అంది.

జూన్ 16

టాబ్లెట్ బ్రహ్మాండం. రంగులే రంగులు. కాసేపటికే కళ్ళ వెంట నీళ్ళు.

జూన్ 18

టాబ్లెట్ తనంతట తానే చదువుతుందట. బటన్ నొక్కితే ఒక ఆడగొంతు కథంతా గడగడా చదివేసింది. ఇక నాతో పనేముందని మనసు చివుక్కుమంది.

లోగనాయకి కొంచెం విని, ఏంది ఇది, యాడా ఆగదు, మీరైతే నగువొచ్చే తావున ఆగి నగుతారు కదా అంటూ ఆపేసింది. ఆమెకు దండం పెట్టాలనిపించింది. పెట్టలేదు, నెత్తికెక్కుతుంది.

జూన్ 20

ఇ-ఇంక్ రీడర్‌ది బూడిద మొహం. రంగూ లేదు, గొంతూ లేదు. కానీ కళ్ళలో పొడిచే గ్లేర్ లేదు. ఫాంట్ పూర్తిగా పెంచాను. పేజీకి నాలుగే వరుసలు. ఒత్తులన్నీ తిరిగొచ్చాయి, ఒక్కొక్కటి శనగగింజంత. ఇదే కొనమని కార్తికకు ఫోన్ చేశాను.

జూలై 9

వేలు తగిలితే పేజీ మారిపోతోంది. అందుకని అగ్గిపుల్లతో చూపించుకుంటూ చదువుతున్నాను. పేజీలు తిప్పే ఉద్యోగం లోగనాయకిది. నేను తల ఊపితే అంచు మీద తాకుతుంది. పక్కింటి శరవణన్ చూసి, బస్సుకు డ్రైవరూ కండక్టరూ దొరికినారు అన్నాడు.

ఆగస్టు 21

కథ మధ్యలో ఇదేం అక్షరం, అదేం అక్షరం అని లోగనాయకి అడుగుతోంది. విసుక్కుంటూనే చెబుతున్నాను.

సెప్టెంబర్ 12

నేను తల ఊపకముందే పేజీ తిప్పింది. నీకు తొందరెక్కువైంది అన్నాను. నవ్వింది.

సెప్టెంబర్ 30

ఒక మాట దగ్గర చూపు మసకేసి ఆగిపోయాను. మజ్జిగ అంది లోగనాయకి. అగ్గిపుల్ల పెట్టి మళ్ళీ చూశాను. మజ్జిగే.

పుస్తకంలో ఆ సన్న అక్షరాలు పక్కన కూర్చున్న నాకు యాడ కనపడతాయి, ఇవి ఇంతింత ఉండబట్టి చూస్తా చూస్తా వచ్చేసినాయి అంది.

నా చూపు తగ్గబట్టే కదా అక్షరాలు పెరిగాయి. దేవుడికి ఏమని దండం పెట్టుకోవాలో తెలియలేదు. ఊరికే పెట్టుకున్నాను.

అక్టోబర్ 26

ఈరోజు కళ్ళు మూసుకుని కూర్చున్నాను. లోగనాయకి చదివింది. నవ్వొచ్చే చోట ఆగి నవ్వింది.