తిరిగివ్వని బిళ్ల

తమ్ముడు రాయమల్లుకు నస్పూరు నుంచి అక్క శంకరవ్వ దీవించి రాసేది.

మొన్న పొద్దు గూకినా మా చిన్నోడు భూమన్న ఇంటికి రాలే. బొగ్గుబాయి కాడికి ఉరికిన. దిగేటప్పుడు ఇచ్చే బిళ్ల వాడు తిరిగి ఇయ్యలేదట. "ఇంక లోపల్నే ఉన్నడవ్వా" అన్నరు. నిరుడు పెద్దోడు అంతయ్య సచ్చిపోయిన నాడు గూడ గిదే మాట చెప్పిన్రు. ఏడ్సుకుంట ఇల్లు చేరితే వాడు బువ్వ తింటుండు, బిళ్ల అంగీ జేబుల ఉంది. "మర్సిపోయిన, గంతదానికే ఏడుస్తవా అవ్వా?" అని నవ్విండు.

వానికి నీ మగ్గం పని నేర్పుతవా? కూలి తక్కువైనా మంచిదే. మరదలి కాలునొప్పి తగ్గిందా? పిల్లలకు దీవెనలు.

జల్ది జవాబు రాయి. అది వచ్చేదాకా వాడు రోజూ దిగుతనే ఉంటడు.